పెట్రోల్ ట్యాంకులోకి బియ్యం, మక్కలు.. పొలంలో మంటల్లోకి గడ్డి! ల్యాబ్‌లో పాసైన టెక్నాలజీ ఊళ్లోకి ఎందుకు రావట్లేదు?

బంకులో లీటర్ పెట్రోల్ కొట్టిస్తే అందులో 200 మిల్లీలీటర్ల వరకు ఇథనాలే. ఈ20 పేరుతో ఇప్పుడు దేశమంతా దొరుకుతున్నది ఇదే. మైలేజీ పడిపోతోందని, పాత బండ్ల ఇంజిన్లు పాడవుతాయని 2025 ఆగస్టులో సోషల్ మీడియాలో పెద్ద రచ్చే జరిగింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సెప్టెంబర్ 1న కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అయితే ఇంత రచ్చలోనూ పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఆ 200 మిల్లీలీటర్లు దేంతో తయారవుతున్నాయి?

చెరకుతో. మొక్కజొన్నతో. బియ్యంతో. అంటే తినే పంటతో. మరోపక్క అదే పంట కోశాక మిగిలే గడ్డిని, కొయ్యకాళ్లను రైతులు అగ్గిపెట్టి కాల్చేస్తున్నారు. ఆ గడ్డితోనూ ఇథనాల్ తీయొచ్చని మన దేశంలోనే ఒక యూనివర్సిటీ పదేళ్ల కిందటే చేసి చూపించింది. ప్లాంట్ కూడా పెట్టి చూపించింది. మరి గింజ ఎందుకు ట్యాంకులోకి వెళ్తోంది.. గడ్డి ఎందుకు మంటల్లోకి వెళ్తోంది? దీనికి సైన్స్ దగ్గర కొంత జవాబు ఉంది. మిగతాదంతా లెక్కల పుస్తకంలో ఉంది.

ముందు మైలేజీ సంగతి

దీన్ని త్వరగా తేల్చేయొచ్చు. ఒక లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటర్ పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ ఎంతో కొంత తగ్గడం ఖాయం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే ఈ లెక్క ఉంది. ఈ10కి తగ్గట్టు సర్దిన పాత తరహా కార్లలో 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని అంచనా. ఈ20 కోసం మార్పులు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతమే. సగం తగ్గిపోయిందన్న వాట్సాప్ ప్రచారం నిజం కాదు. అసలేం తగ్గదన్న మాట కూడా నిజం కాదు.

38 కోట్ల నుంచి 700 కోట్ల లీటర్లకు

2013-14లో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 1.5 శాతం చుట్టూనే ఉండేది. అప్పట్లో ఆయిల్ కంపెనీలు కొన్నది ఏడాదికి 38 కోట్ల లీటర్లు. 2023-24 వచ్చేసరికి అది 700 కోట్ల లీటర్లు దాటింది. 20 శాతం కలపాలన్న టార్గెట్ మొదట 2030కి పెట్టుకున్నదే. దాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. దీనివల్ల పదకొండేళ్లలో 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం ఆదా అయిందని కేంద్రం చెబుతోంది. ముడి చమురులో ఎక్కువ భాగం బయటి నుంచే తెచ్చుకునే దేశానికి ఇది చిన్న విషయమేమీ కాదు.

మొదట్లో ఈ బండి చెరకు మీదే నడిచింది. చెరకు అంటే నీళ్లు. చెరకు నుంచి ఒక లీటర్ ఇథనాల్ రావాలంటే, సాగుతో కలిపి సుమారు 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ తర్వాత 2023లో వర్షాలు తేడా కొట్టాయి. చక్కెర ధర పెరుగుతుందన్న భయంతో ఆ ఏడాది డిసెంబర్‌లో చెరకు రసంతో ఇథనాల్ తయారీకి కేంద్రం బ్రేక్ వేసింది. అంతకుముందే జూలైలో ఎఫ్‌సీఐ బియ్యం కూడా ఆపేశారు. ఆ ఖాళీలోకి మొక్కజొన్న వచ్చింది. 2023-24లో సగానికి పైగా ఇథనాల్ గింజల నుంచే వచ్చింది. అందులో మక్కలదే పెద్ద వాటా.

ఒక్క ఏడాదిలో రెండుసార్లు ముడిసరుకు మార్చాల్సి రావడమే ఈ మోడల్‌లో ఉన్న బలహీనత. తిండితో ఇంధనం చేస్తే, వాన తగ్గిన ప్రతిసారీ ట్యాంకా కంచమా అని తేల్చుకోవాల్సి వస్తుంది.

గడ్డిలో చక్కెర ఎక్కడిది?

ఆవు గడ్డి తిని పాలిస్తుంది. మనిషి అదే గడ్డి తింటే అరగదు. ఎందుకు? అన్నంలో ఉండే పిండి పదార్థం గ్లూకోజ్ గొలుసే. గడ్డిలో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. లింకులు వేసిన తీరు మాత్రం వేరు. ఆ లింకును కత్తిరించే ఎంజైమ్ మనకు లేదు. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులకు ఉంది. గడ్డి నుంచి ఇథనాల్ తీయడమంటే, ఆవు కడుపులో జరిగే పనిని స్టీల్ ట్యాంకుల్లో చేయడమే. దీన్నే రెండో తరం ఇథనాల్ లేదా 2జీ అంటున్నారు.

చెప్పడానికి తేలికే. చేయడానికి మాత్రం ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో తలనొప్పి. గడ్డిలో సెల్యులోజ్ ఒక్కటే ఉండదు. దాని చుట్టూ హెమీసెల్యులోజ్ ఉంటుంది. ఈ రెండింటినీ సిమెంటులా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. ఎంజైమ్ లోపలికి వెళ్లాలంటే ముందు ఈ గోడ పగలగొట్టాలి. అందుకోసం ఆవిరి, ఒత్తిడి, ఆమ్లం వాడతారు. ఎక్కువ ఉడికిస్తే చక్కెరే పాడైపోయి, ఈస్ట్‌ను చంపే పదార్థాలు పుడతాయి. తక్కువ ఉడికిస్తే గోడ పగలదు.

గోడ పగిలాక ఎంజైమ్ పోయాలి. ఇవి ఖరీదు. ఆ తర్వాత ఈస్ట్ వంతు. కల్లు పులిసేది, బ్రెడ్ పొంగేది ఈ ఈస్ట్ వల్లే. గ్లూకోజ్‌ను అది ఇష్టంగా తింటుంది. కానీ హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు. దాన్ని వదిలేస్తే గడ్డిలోని చక్కెరలో పెద్ద భాగం వృథా. అందుకే జైలోజ్ కూడా తినే ఈస్ట్ రకాల కోసం ప్రపంచవ్యాప్తంగా యూనివర్సిటీ ల్యాబులు ఏళ్ల తరబడి పనిచేశాయి. వరిగడ్డితో ఇంకో చిక్కు.. అందులో సిలికా ఎక్కువ. పొలంలో అంటుకున్న మట్టి, ఇసుక అదనం. ఇవి మెషిన్లను లోపల ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. ల్యాబులో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, దంచిన గడ్డితో చేసే ప్రయోగానికి, ట్రాక్టర్ నుంచి నేరుగా దించిన గడ్డితో నడిపే ఫ్యాక్టరీకి తేడా ఇక్కడే బయటపడుతుంది.

ముంబై నుంచి కాశీపూర్‌కు.. తర్వాత పానిపట్‌కు

మన దేశంలో ఈ పని మొదలుపెట్టిన వాళ్లలో ముందు వరుసలో ఉన్నది ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. పాత పేరు యూడీసీటీ. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి చదివింది అక్కడే, ముకేశ్ అంబానీ చదివిందీ అక్కడే. 2008లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డబ్బుతో అక్కడ ఎనర్జీ బయోసైన్సెస్ సెంటర్ పెట్టారు. వాళ్ల టెక్నాలజీతో ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో రోజుకు 10 టన్నుల వ్యవసాయ వ్యర్థాలను వాడే డెమో ప్లాంట్ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. గడ్డి ఒక్కటే కాదు.. చెరకు పిప్పి, పత్తి కట్టె లాంటి రకరకాల వ్యర్థాలతో పనిచేసేలా దాన్ని రూపొందించారు.

2018లో జాతీయ బయోఫ్యూయల్ పాలసీ వచ్చింది. 2019లో పీఎం జీ-వన్ యోజన వచ్చింది. గడ్డి, వ్యర్థాలతో ఇథనాల్ తీసే 12 కమర్షియల్ ప్లాంట్లు, 10 డెమో ప్లాంట్లకు సాయం చేయడమే ఆ పథకం లక్ష్యం. కేటాయింపు 1,969.50 కోట్లు. 2023-24తో గడువు అయిపోవాల్సింది. 2024 ఆగస్టులో దాన్ని 2028-29 దాకా పొడిగించారు. పొడిగించారంటే, అనుకున్న టైమ్‌కు అనుకున్న పని కాలేదనే కదా.

2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంట్‌ను ప్రధాని మోదీ ప్రారంభించారు. దీనికి వాడింది పుణెకు చెందిన ప్రాజ్ కంపెనీ టెక్నాలజీ. ఖర్చు 900 కోట్లకు పైనే. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకుని, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇవ్వాలన్నది డిజైన్. పంజాబ్‌లోని బఠిండాలో, ఒడిశాలోని బర్గఢ్‌లో ఇలాంటివే మరో రెండు వచ్చాయి. అస్సాంలోని నుమాలీగఢ్‌లో ఏడాదికి 5 లక్షల టన్నుల పచ్చి వెదురు వాడే ప్లాంట్‌ను 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. ఈ జాబితాలో తెలుగు రాష్ట్రాల ఊళ్లు లేవు.

ఇప్పుడు పానిపట్ అంకెలను కాస్త గట్టిగా పట్టుకుని చూడాలి. 2 లక్షల టన్నులకు 3 కోట్ల లీటర్లు.. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. టన్ను బియ్యానికైతే సుమారు 450 లీటర్లు వస్తుంది. మూడింతలు తేడా. ఎకరానికి 2 టన్నుల గడ్డి అనుకున్నా, 2 లక్షల టన్నులంటే లక్ష ఎకరాల గడ్డి. లారీకి 10 టన్నుల చొప్పున వేసినా 20 వేల ట్రిప్పులు. ఇదంతా కోతలకు, తర్వాతి పంట నాట్లకు మధ్య దొరికే కొద్ది వారాల్లో పొలాల నుంచి ఎత్తాలి. తడవకుండా, అంటుకోకుండా ఏడాది పొడవునా దాచాలి. ఊళ్లో గడ్డివాము వేసిన వాళ్లకు ఎవరికైనా తెలుసు.. గడ్డి బరువు తక్కువ, చోటు ఎక్కువ.

పెట్టుబడి సంగతి కూడా చూడండి. తూర్పుగోదావరి జిల్లా గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో 2022 నవంబర్‌లో ఒక ధాన్యపు ఇథనాల్ ప్లాంట్‌కు శంకుస్థాపన జరిగింది. అప్పుడు ప్రకటించిన పెట్టుబడి 270 కోట్లు. సామర్థ్యం రోజుకు 2 లక్షల లీటర్లు. పానిపట్ సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు. అంటే గడ్డి ప్లాంట్‌కు మూడు రెట్లకు పైగా డబ్బు.. చేతికొచ్చే సరుకు సగం. బ్యాంకు మేనేజర్ ఏ ఫైల్ మీద ముందు సంతకం పెడతాడో చెప్పక్కర్లేదు.

పటాన్‌చెరు తీపి జొన్న ఎందుకు ఎండిపోయింది?

ఇలాంటి కథ తెలంగాణ ఒకసారి చూసేసింది. చాలా మందికి గుర్తు కూడా లేదు.

2000ల మధ్యలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తీపి జొన్న మీద పెద్ద ఎత్తున పనిచేసింది. మామూలు జొన్నలాగే కంకి వస్తుంది, గింజలు తినొచ్చు. కాండంలో మాత్రం చెరకులా తీపి రసం ఉంటుంది. పంట నాలుగు నెలల్లో చేతికొస్తుంది. నీళ్లు చెరకుతో పోలిస్తే చాలా తక్కువ. రసం తీశాక మిగిలిన పిప్పి పశువులకు మేత. రాజేంద్రనగర్ జొన్న పరిశోధన కేంద్రం 2005లో సీఎస్‌హెచ్ 22 ఎస్‌ఎస్ అనే హైబ్రిడ్ ఇచ్చింది. వ్యవసాయ యూనివర్సిటీ నంద్యాల కేంద్రం ఇచ్చిన తెల్ల జొన్న రకం ఎన్‌టీజే 2 కూడా ఈ ప్రయోగాల్లో వాడారు. గింజ మనిషికి, పిప్పి పశువుకు, రసం బండికి. కాగితం మీద ఇంతకంటే బాగున్న ఐడియా దొరకడం కష్టం.

అప్పటి మెదక్ జిల్లాలో ఒక ప్రైవేటు డిస్టిలరీ కూడా వచ్చింది. రోజుకు 40 వేల లీటర్ల సామర్థ్యం. చుట్టుపక్కల ఊళ్ల రైతులతో ఒప్పందాలు చేసుకుని తీపి జొన్న వేయించారు. కొన్నేళ్లకే అది ఆగిపోయింది.

విత్తనం ఫెయిల్ కాలేదు. ఇబ్బంది వేరే చోట వచ్చింది. తీపి జొన్న కాండం కోసిన ఒకటి రెండు రోజుల్లోనే గానుగ ఆడాలి. లేకపోతే లోపలి చక్కెర పులిసిపోతుంది. దూరం ఊళ్ల నుంచి కాండాలు వచ్చేసరికే రసం నాణ్యత పడిపోయేది. పైగా పంట ఏడాదిలో కొన్ని నెలలే దొరుకుతుంది. ఫ్యాక్టరీకి ఏడాదంతా ముడిసరుకు కావాలి. దీనికి విరుగుడుగా ఇబ్రహీంబాద్ గ్రామంలో ఇక్రిశాట్ ఒక గానుగ యూనిట్ పెట్టింది. రసాన్ని ఊళ్లోనే తీసి, కాచి, పాకం చేసి, ఆ పాకాన్ని డిస్టిలరీకి పంపాలన్నది ప్లాన్. పాకం పాడవదు, రవాణా ఖర్చు తక్కువ. తెలివైన పరిష్కారమే.

కానీ అసలు దెబ్బ ధర దగ్గర పడింది. ఆ రోజుల్లో ఆయిల్ కంపెనీలు ఇథనాల్‌కు ఇచ్చిన ధర లీటర్‌కు 21 రూపాయల 50 పైసలు. చక్కెర మిల్లులకు మొలాసిస్ చేతిలోనే ఉంటుంది కాబట్టి వాళ్లకు ఆ రేటు సరిపోయింది. రైతు దగ్గర కాండం కొని, గానుగ ఆడి, కాచి, మోసుకొచ్చే వాళ్లకు గిట్టుబాటు కాలేదు. తర్వాత 2010లో ధర 27 రూపాయలు చేశారు. అప్పటికే ఆలస్యమైంది.

ఇప్పుడు మొక్కజొన్న ఇథనాల్‌కు ఇస్తున్న రేటు ఎంతో తెలుసా? లీటర్‌కు 71 రూపాయల 86 పైసలు. ధరలు పెరిగాయి నిజమే. అయినా మూడు రెట్లకు పైన. అలాంటి భరోసా అప్పట్లో తీపి జొన్నకు దొరికి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో.

ఊళ్లలో ఎందుకీ ఆగ్రహం?

ల్యాబుల్లో గడ్డి, తీపి జొన్న పరిస్థితి ఇలా ఉంటే.. ఊళ్లలో గింజ ఇథనాల్ ఫ్యాక్టరీలు మాత్రం వరసగా వచ్చాయి. వాటితో పాటు గొడవలూ వచ్చాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో ఆందోళనలు ఘర్షణ దాకా వెళ్లాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం నేషనల్ హైవే మీద బైఠాయించారు. ఆర్డీవో వాహనాన్ని గంటల తరబడి కదలనివ్వలేదు. చివరికి ప్రభుత్వం పనులు ఆపించింది. జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో కంపెనీ షెడ్ల మీద దాడి జరిగింది. అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకెళ్లడం రాష్ట్రమంతా దుమారం రేపింది.

దాడులను ఎవరూ సమర్థించరు. అయితే మూడు జిల్లాల్లో ఒకే రకం కోపం ఎందుకు కనిపించింది? నీళ్లు తీసుకుపోతారు, వాసన వస్తుంది, వ్యర్థాలు వాగులో కలుస్తాయి అన్నది ఊళ్ల భయం. ఈ భయాలకు ముందుగానే జవాబు చెప్పే వేదిక ఒకటి ఉండేది.. ప్రజాభిప్రాయ సేకరణ. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేవలం పెట్రోల్‌లో కలపడానికే ఇథనాల్ తయారు చేస్తామని హామీ ఇచ్చే ప్లాంట్లను బీ2 కేటగిరీలోకి తెచ్చింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. పూర్తి స్థాయి పర్యావరణ ప్రభావ అధ్యయనమూ అక్కర్లేదు. ఈ20 టార్గెట్ త్వరగా అందుకోవడానికి ఇది పనికొచ్చింది. ఊరికి మాత్రం ఫ్యాక్టరీ సంగతి జేసీబీ వచ్చాకే తెలిసే పరిస్థితి తెచ్చింది. మీటింగ్ హాల్లో అడగాల్సిన ప్రశ్నలు రోడ్డు మీద అడిగారు.

మక్క రైతుకు ఏం మిగిలింది?

ఇథనాల్‌తో రైతే ఊర్జదాత అవుతాడన్నది కేంద్రం నినాదం. కొంత కాలం అది నిజంగానే కనిపించింది. మక్కలకు గిరాకీ పెరిగింది. ఎంతగా అంటే.. ఎప్పుడూ మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. దాణా ధర పెరిగి కోళ్ల ఫారాల వాళ్లు లబోదిబోమన్నారు. ఇంటి దగ్గర గుడ్డు రేటు పెరిగినప్పుడు తిట్టుకున్న వాళ్లలో ఎంతమంది దీన్ని పెట్రోల్ బంకుతో లింక్ చేసి ఉంటారు?

ఏడాది తిరిగేసరికి సీన్ రివర్స్. 2025-26కి మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400. నవంబర్‌లో కర్ణాటక మార్కెట్లలో రేటు 2,000 లోపుకు జారిపోయి రైతులు రోడ్డెక్కారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించి మద్దతు ధరకు కొనాల్సి వచ్చింది. కారణాలు చాలా ఉన్నాయి.. దిగుబడి పెరగడం వాటిలో ఒకటి. ఇంకోటి ఎఫ్‌సీఐ బియ్యం. డిస్టిలరీలకు ఇచ్చే బియ్యం రేటును 2025 జనవరిలో క్వింటాలుకు 2,800 నుంచి 2,250కి తగ్గించారు. ఆ సీజన్‌కు మొత్తం 52 లక్షల టన్నులు కేటాయించారు. సర్కారు బియ్యం చవగ్గా దొరుకుతుంటే, డిస్టిలరీ మక్కల కోసం మార్కెట్లో పోటీ ఎందుకు పడుతుంది?

అసలు మతలబు ఇక్కడే ఉంది. ఎఫ్‌సీఐకి క్వింటాలు బియ్యం సేకరించి, నిల్వ చేయడానికి అయ్యే ఖర్చు సుమారు 4 వేలు. అమ్మేది 2,250కి. తేడా 1,750. మొత్తం 52 లక్షల టన్నుల కోటా ఎత్తితే ఆ తేడా 9,100 కోట్ల రూపాయలు. ఒక్క సీజన్‌లో! గోదాముల్లో బియ్యం పేరుకుపోయాయి, ఉంచితే ఇంకా ఖర్చు అన్న వాదనలో న్యాయం ఉంది. ఆ మేరకు ఈ లెక్కను కాస్త తగ్గించుకోవచ్చు. అయినా.. గడ్డి ఇథనాల్ కోసం పెట్టిన జీ-వన్ పథకానికి కేటాయింపు మొత్తం కలిపి 1,969.50 కోట్లే అని గుర్తుపెట్టుకుంటే, మొగ్గు ఎటు ఉందో అర్థమవుతుంది.

పోనీ గడ్డి వస్తే అన్నీ తీరిపోతాయా?

లేదు. ఇది కూడా చెప్పుకోవాలి. 2024 వానాకాలంలో తెలంగాణలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయి. గడ్డి కనీసం అంతే వస్తుంది. అందులో పదో వంతు, అంటే 15 లక్షల టన్నులు ఫ్యాక్టరీలకు వెళ్లిందనుకుందాం. పానిపట్ లెక్కన వచ్చేది 22.5 కోట్ల లీటర్లు. ఈ20కి దేశానికి ఏటా కావాల్సింది సుమారు 1,016 కోట్ల లీటర్లని నీతి ఆయోగ్ అంచనా. రెండు శాతం చిల్లర. అంటే గడ్డి ఇథనాల్ గింజను పూర్తిగా తప్పించలేదు.. దాని మీద భారం కొంత తగ్గించగలదు.

ఇంకోటి, పంజాబ్‌లోలా మన దగ్గర వరిగడ్డి అంతా చెత్త కాదు. అది పాడి రైతుకు మేత. బేలర్‌తో కట్టలు కట్టి అమ్ముకునే వాళ్లున్నారు. ఫ్యాక్టరీ వచ్చి గడ్డి రేటు పెంచితే, వరి రైతుకు నాలుగు రూపాయలు వస్తాయి.. రెండు గేదెలు ఉన్న ఇంటికి ఖర్చు పెరుగుతుంది. నిజంగా ఎవరికీ అక్కర్లేనివి హార్వెస్టర్ వదిలేసే కొయ్యకాళ్లు, పత్తి కట్టె. మన దగ్గర చూడాల్సింది ముందు వాటినే.

ఇంధనం ఒక్కటే దారి కూడా కాదు. ఐఐటీ హైదరాబాద్, భువనేశ్వర్‌లోని కిట్ పరిశోధకులు కలిసి గడ్డి, చెరకు పిప్పి లాంటి వ్యర్థాలను సున్నంతో కలిపి బయో ఇటుకలు తయారు చేశారు. కాల్చాల్సిన పని లేదు, అచ్చులో పోసి ఆరబెడితే చాలు. మామూలు ఎర్ర ఇటుకతో పోలిస్తే బరువు ఎనిమిదో వంతు. 2021 సెప్టెంబర్‌లో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో వీటితో ఒక సెక్యూరిటీ గార్డు క్యాబిన్ కట్టారు. ఎంజైములూ అక్కర్లేదు, 900 కోట్లూ అక్కర్లేదు. బరువు మోసే గోడలకు పనికిరాదన్నది దీని పరిమితి.

ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. 65 వేల కోట్ల పెట్టుబడితో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెట్టేందుకు 2024 నవంబర్‌లో రిలయన్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాన్ని గ్యాస్‌గా మార్చాలన్నది ఆలోచన. పాడి రైతులకు బాగా తెలిసిన కో-4 నేపియర్ కూడా యూనివర్సిటీ పుణ్యమే.. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ యూనివర్సిటీ ఇచ్చిన రకం. గ్యాస్ ప్లాంట్‌లో లిగ్నిన్ గోడ పగలగొట్టే కష్టం అంతగా ఉండదు. పచ్చగడ్డిని నేరుగా వేయొచ్చు. కానీ నేపియర్‌కు తడి కావాలి. కనిగిరి ప్రాంతంలో తడి ఎక్కడి నుంచి వస్తుందన్నదే అక్కడి అసలు పరీక్ష.

మళ్లీ ధర దగ్గరికే

2021 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఇథనాల్ రేట్లు ప్రకటిస్తూ, 2జీ ఇథనాల్‌కు ఎంత ఇవ్వాలో తేల్చుకునే స్వేచ్ఛ ఆయిల్ కంపెనీలకే వదిలేసింది. మక్క ఇథనాల్‌కు ఇంత, విరిగిన బియ్యానికి ఇంత అని ఒక్కో రకానికి పైసలతో సహా రేటు ఉంది. ఆ రేటు కాగితం పట్టుకెళ్తే బ్యాంకు లోన్ ఇస్తుంది. గడ్డికి అలాంటి ముందస్తు కాగితం లేదు. అందుకే ఇప్పటిదాకా వచ్చిన పెద్ద 2జీ ప్లాంట్ల వెనక ఉన్నవి ప్రభుత్వ ఆయిల్ కంపెనీలే. తాము తయారు చేసి, తామే కొనుక్కోగలవు కాబట్టి.

జీ-వన్ గడువు 2028-29 దాకా ఉంది. 2024 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బయోఈ3 పాలసీలో మొక్కల నుంచి రసాయనాలు, ప్లాస్టిక్ తయారీకి కూడా చోటిచ్చారు. పెట్రోల్‌లో ఇథనాల్‌ను 20 శాతం దాటించాలా వద్దా అన్న చర్చ కూడా నడుస్తోంది. 20 దాటిస్తే ఆ అదనపు లీటర్లకు ఏ రేటు కాగితం ఇస్తారో.. అందులో గడ్డికి ఒక గడి ఉంటుందో లేదో చూడాలి. ఈలోగా యాసంగి కోతలు వస్తాయి. నిజామాబాద్, కామారెడ్డి, కరీంనగర్ వైపు హార్వెస్టర్లు దిగుతాయి. తర్వాతి పంటకు దున్నే టైమ్ దగ్గరపడగానే, కొయ్యకాళ్లు తీయించడానికి కూలి ఖర్చు లెక్కేసుకుని రైతు అగ్గిపెట్టె తీస్తాడు.